పాటిదిబ్బ ఏమైపోయింది?

అనగనగా ఒక ఊళ్ళో నీళ్ళు లేవు.

అనగనగా అంటే ఎప్పుడో ఎవరికీ తెలియని కాలం అనుకునేవు చిట్టితల్లీ, ఈ కథకి తిథీ వారం కూడా ఉన్నాయి. వికారి నామ సంవత్సరం, వైశాఖ బహుళ తదియ, శుక్రవారం. ఆ రోజు పొద్దెక్కకముందే పడమటి గాడ్పు లేచింది. ఆకాశంలో మబ్బు మాట దేవుడెరుగు, ఒక కొంగ కూడా లేదు. మధ్యాహ్నానికి చూరు కింద పిచ్చుకలు నోళ్ళు తెరుచుకుని కూర్చున్నాయి. వికారి అంటే అంతేనమ్మా, పేరుకి తగ్గ ఏడు. మా నాయనమ్మ అయితే ఆ పేరు పలికి నోరు పుక్కిలించేది. సరే, కథలోకి వద్దాం.

ఆ ఊరి పేరు తంగేళ్ళపాడు. ఊరికంతటికీ ఒకటే మంచినీళ్ళ బావి, రాతికట్టుది. ఆ శుక్రవారం నాడు దాని అడుగు బండ బయటపడింది. చేద దింపితే నీళ్ళ చప్పుడు బదులు ఠంగుమని రాతి చప్పుడు వచ్చింది. అప్పుడు ఆడవాళ్ళు కడవలు తీసుకుని ఏటికి పోయారు. ఆ ఏరు ఒకప్పుడు ఊరి పక్కనే పారేదట, ఆ తర్వాత అలిగి దూరంగా జరిగిందట. అక్కడ ఇసుకలో చెలమ తీస్తే కడవ నిండే లోపల కళ్ళు కాయలు కాచేవి. కొన్నాళ్ళకి ఆ చెలమలో కూడా రోజుకి ఇంటికొక ముంతెడు నీళ్ళే మిగిలాయి.

అప్పుడు ఊరి పెదకాపు బాలకోటయ్య అందర్నీ తన వసారాలో కూర్చోబెట్టి ఒక మాట చెప్పాడు. "ఏరువాక పున్నమి దాకా చూద్దాం. అప్పటికీ గుక్కెడు నీళ్ళు పడకపోతే ఎవరి చుట్టాల ఊరికి వాళ్ళు పోదాం. ఊరు లేచిపోయిందని ఒప్పుకుందాం. చేసేదేముంది?"

ఏరువాక పున్నమి తెలుసు కదా, నాగళ్ళకి పసుపు రాసి, ఎద్దుల కొమ్ములకి రంగులేసి, మొదటి చాలు దున్నే రోజు. నీళ్ళు లేని ఊళ్ళో ఏరువాకేమిటి?

అందరూ చుట్టాల్ని తలుచుకున్నారు. ఒకరికి మేనమామ ఉన్నాడు. ఒకరికి వియ్యంకుడున్నాడు. ఒకరు పదేళ్ళుగా మాటల్లేని అన్నతో ఆ రాత్రికి రాత్రే మనసులో రాజీపడిపోయారు. ఎవరూ లేనిది ఒక్క నాంచారికే.

నాంచారి ఆ ఊరి కోడలు. తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోతే అమ్మమ్మ పెంచి పెళ్ళి చేసింది. పెళ్ళయ్యాక ఆ అమ్మమ్మా పోయింది. ఇక పుట్టిల్లన్నది లేదు. మొగుడు చెంచయ్య కాడెద్దుల్ని తప్ప ఊళ్ళో గొడ్లన్నింటినీ తోలుకుని నల్లమల అడవికి పోయి ఉన్నాడు. కరువులో మేతకి అలా పోయేవాళ్ళమ్మా, వానలు పడ్డాక తిరిగొచ్చేవాళ్ళు. ఇంట్లో ఉన్నది నాంచారీ, చూపు మందగించిన అత్త అంకమ్మా, నాలుగు కోళ్ళూ.

నాంచారికి తిండి మీద బెంగ లేదు, దాహం మీద కూడా అంత బెంగ లేదు. ఆమె బెంగంతా ఒకటే. చెంచయ్య గొడ్లని తోలుకుని తిరిగొచ్చేసరికి ఊరు ఉండకపోతే? ఏ గుమ్మం ముందు నిలబడి ఎవర్ని పిలుస్తాడు?

అంకమ్మకి పెద్దకొడుకు ఒకడున్నాడు, రోశయ్య. వేరు పడ్డాడు. వేరు పడేటప్పుడు మంచి చేను తనకి రాయించుకుని, పాత ఇల్లూ ముసలి తల్లీ తమ్ముడికి వదిలేశాడు. నాంచారి అతన్ని అడిగింది. "బావగారూ, ఊరు కదిలితే అత్తనైనా మీతో తీసుకెళ్ళండి. నా సంగతి నేను చూసుకుంటాను."

"మా అత్తారింట్లో నేనే పెరట్లో పడుకోవాలి. అమ్మనెక్కడ పెట్టను, అటక మీదా?" అన్నాడు రోశయ్య.

"ఎక్కుతాను నాయనా, నిచ్చెన నువ్వు పట్టుకుంటే," అంది లోపల్నుంచి అంకమ్మ. చూపు మందగించింది గానీ చెవులు బాగానే ఉన్నాయి.

రోశయ్య తలకి తువ్వాలు చుట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం అత్తాకోడళ్ళు అరుగు మీద కూర్చున్నారు. అప్పుడు అంకమ్మ అంది. "ఊరు లేవటం కొత్త కాదే నాంచారీ. మనకన్నా ముందు ఇక్కడ ఎవరో ఉండేవాళ్ళు. వాళ్ళూ లేచిపోయారు. వాళ్ళ ఇళ్ళు కూలీ కూలీ దిబ్బయిందట. పాటిదిబ్బ అనేవాళ్ళు. మా మామ ఎండాకాలమంతా ఆ పాటిమన్ను బండి మీద చేలకి తోలేవాడట."

పాటిమన్నంటే ఏమిటో చెప్పనా? మనుషులు బతికిన చోట పొయ్యి బూడిదా, పేడా, గడ్డీ, గోడ మట్టీ, పిల్లలు పారబోసుకున్న మెతుకులూ అన్నీ కలిసి తరతరాలుగా పేరుకుంటాయి. ఆ ఊరు పోయినా ఆ మన్ను పోదు. బూడిద రంగులో, వేళ్ళ మధ్య పిండిలా ఉంటుంది. చేనికి అది వేస్తే కంకి బరువుకి కర్ర వంగుతుంది. ఎరువుల బస్తాలు రాని కాలంలో అదే ఎరువు.

నాంచారి కాసేపు ఆలోచించింది. "అయితే అత్తా, వాళ్ళు అన్ని తరాలున్నారంటే నీళ్ళు ఎక్కడివి?"

"తాగే ఉంటారు గదే, గాలి పీల్చి బతుకుతారా?"

"అంటే ఆ దిబ్బ దగ్గర వాళ్ళ బావి ఉండాలి."

"ఉండాలి మరి."

"ఏ దిబ్బత్తా అది?"

అంకమ్మ చేతులు తిప్పింది. "నేను కాపరానికొచ్చేసరికే మన్ను తోలటం ఆగిపోయింది. ఎందుకాగిందో అడగలా, ఎక్కడిదో అడగలా. కొత్తకోడల్ని, నాకు కూర మాడకుండా ఉంటే చాలనిపించేది."

చూశావా, అడగాల్సినవాళ్ళు ఉన్నప్పుడు అడగం. అందుకే నిన్ను ఏదైనా అడగమంటాను నేను. మొన్న గుమ్మడికాయకి అన్ని గింజలెందుకని అడిగావు చూడు, అలాంటివి కూడా అడగొచ్చు. సరే.

ఊరి చుట్టూ దిబ్బలు మూడున్నాయి. తూర్పున ఎర్రదిబ్బ. ఉత్తరాన కుంటదిబ్బ. పడమట పెంకులదిబ్బ. మూడింటి మీదా తంగేడూ చిల్లచెట్లూ మొలిచి, దూరం నుంచి చూస్తే మూడూ అక్కచెల్లెళ్ళలా ఉండేవి. వాటిలో ఒకటి పాటిదిబ్బ అయి ఉండాలని నాంచారి అనుకుంది. మర్నాడు గునపం భుజాన వేసుకుని, తట్ట చంకన పెట్టుకుని బయల్దేరింది.

"ఎక్కడికే?" అన్నారు చూసినవాళ్ళు.

"దిబ్బ తవ్వటానికి."

ఇంకేముంది! దిబ్బ తవ్వటమంటే ఊళ్ళో ఒకటే అర్థం. సాయంత్రానికల్లా రోశయ్య ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. "మా మరదలికి లంకెబిందెల జాడ తెలిసింది. అమ్మే చెప్పి ఉంటుంది. పెద్దకొడుకుని నేనుండగా కోడలికి చెప్పింది చూడండి."

లంకెబిందెలంటే బంగారం నింపి గొలుసుతో కట్టి పాతిపెట్టిన జంట బిందెలు. ఉండు, ఉండు, దొరికాయా లేదా ఇప్పుడే చెప్పను. కాళ్ళు దుప్పట్లో పెట్టు.

ముందు నాంచారి ఎర్రదిబ్బ మీద తవ్వింది. పైన ఎర్ర గరుసు. ఇంకొంచెం తవ్వితే ఎర్ర గరుసు. అరచేతులు బొబ్బలెక్కేదాకా తవ్వినా ఎర్ర గరుసే. బూడిద లేదు, పెంకు లేదు, బొగ్గు ముక్క లేదు. భూమి పుట్టినప్పుడు దేవుడు చేతులు దులుపుకుంటే పడ్డ దిబ్బ అది. "ఇక్కడ ఎవరూ కాపురం చెయ్యలేదు," అనుకుని నాంచారి దిగి వచ్చింది.

ఆ తర్వాత కుంటదిబ్బ మీద తవ్వింది. అక్కడ గునపం మెత్తగా దిగింది. నాంచారి వంగి గబగబా చేత్తో మన్ను తీసింది. చూస్తే నల్లటి ఒండ్రు, దాని నిండా నత్తగుల్లలు. పక్కనున్న కుంటకి పూడిక తీసినప్పుడల్లా ఎత్తి పోసిన మన్ను అది. మనుషులు పోసిందే గానీ మనుషులున్నది కాదు. ఆ రోజు ఇంటికొచ్చి నాంచారి అన్నం తినలేదు. అంకమ్మ గంజి తేటలో ఉప్పు కలిపి ఇచ్చి, "దిబ్బ ఇంకొకటుంది, నోరు ఒకటే ఉంది, తాగు," అంది.

మూడోది పెంకులదిబ్బ. దాని మీద అడుగు వేస్తే కాలికింద కరకరమనేవి కుండ పెంకులు. ఎర్రవి, నల్లవి, లోపల నలుపూ పైన ఎరుపూ ఉన్నవి, కొమ్ముచెంబుల ముక్కులు, మూతల బుడిపెలు. ఇప్పటి కుమ్మరి చెయ్యని రకాలు. అది చూశాక ఊరంతా నాంచారి వైపు తిరిగింది. ఇన్ని కుండలు పగిలాయంటే ఎంత ఊరై ఉండాలి! పెదకాపు కూడా తలపాగా విప్పి చేత్తో పట్టుకుని వచ్చాడు. రోశయ్య అందరికన్నా ముందే వచ్చి, తన పారతో, తన గోతంతో నిలబడ్డాడు.

అందరూ కలిసి నడిమికి కందకంలా తవ్వారు. పెంకులు వచ్చాయి. ఇంకా పెంకులు వచ్చాయి. తట్టలకొద్దీ పెంకులు. రోశయ్య ప్రతి తట్టనీ గోతంలో కుమ్మరించుకుని మళ్ళీ బయటికి కుమ్మరించాడు. చివరికి దిబ్బ అడుగున పక్క చేలో ఉన్న నల్లరేగడే వచ్చింది. అక్కడితో ఆగారు. బావి లేదు, బంగారం లేదు, చెమట ఒకటే మిగిలింది.

"ఊరు తవ్వి పెంకులు పట్టిందట!" అని ఒకరన్నారు. నవ్వారు. దాహం వేసినవాళ్ళ నవ్వు కదా, గరుగ్గా ఉంది. ఏరువాక పున్నమి దగ్గర పడుతోంది. ఆ సాయంత్రం కొందరు బళ్ళకి సామాను కట్టుకున్నారు.

నాంచారి ఒక్కతే ఆ కందకం గట్టున కూర్చుండిపోయింది. ఏడుపు రాలేదు. ఏదో తేడాగా అనిపించింది. కందకం గోడని పైనుంచి కిందికి చూసింది. పెంకులున్నాయి, బూడిద లేదు. పెంకులున్నాయి, పొయ్యి లేదు. అలికిన నేల లేదు, కాలిన గింజ లేదు, ఎద్దు ఎముక లేదు. కుండలేమో గంపెడు, వంటేమో లేదు. పొయ్యి లేని ఇల్లు ఎక్కడైనా ఉంటుందా?

అలా అనుకుంటూనే ఇంటికొచ్చింది. అరుగు మీద అంకమ్మ చేట ఒళ్ళో పెట్టుకుని కొర్రలు బాగుచేస్తోంది. చూపు లేకపోయినా వేళ్ళు చూస్తాయి కదా. తడిమి తడిమి రాయి తగిలితే తీసి పక్కన పడేస్తోంది. గింజలు కుండలోకి పోతున్నాయి. పక్కన చిన్న రాళ్ళ కుప్ప పెరుగుతోంది.

నాంచారి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"అత్తా! ఆ రాళ్ళకుప్ప చూసి ఎవరన్నా కొర్రలు ఇక్కడ పండాయి అంటే ఏమంటావు?"

"ఎండ తగిలిందా తల్లీ, లోపలికి రా అంటాను."

"అదే చేశాం అత్తా మనందరం! పెంకులదిబ్బ పాటిదిబ్బ కాదు. మీ మామగారి కాలంవాళ్ళు పాటిమన్ను తోలుకొచ్చి చేలో పోసినప్పుడు, కాళ్ళకి గుచ్చుకుంటాయని, నాగలికి అడ్డమొస్తాయని, పెంకులన్నీ ఏరి అక్కడ పారబోశారు. అది వాళ్ళు ఏరేసిన రాళ్ళకుప్ప!"

అంకమ్మ చేట ఆపింది. "అయితే గింజలు?"

"చేలల్లో ఉన్నాయి. పాటిదిబ్బంతా చేలల్లో ఉంది. తొలకరి పడ్డాక పిల్లలకి పాతకాలం పూసలు దిబ్బల మీద దొరుకుతాయా, చేలల్లో దొరుకుతాయా?"

చేలల్లోనే మరి. నాంచారి మెడలో నల్లపూసల మధ్య కూడా అలాంటి పూస ఒకటుంది, కుంకుడుగింజంత, తేనె రంగుది. పెళ్ళయిన ఏడు తొలివానకి వాళ్ళ చేలోనే దొరికింది. చెంచయ్య దాన్ని నోట్లో పెట్టుకుని మట్టి కడిగి ఇచ్చాడు. ఆ ముచ్చట మా అమ్మమ్మ చెప్పేటప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

అయితే చూడు తల్లీ, చిక్కు తీరలేదు. దిబ్బంతా బళ్ళెక్కి చేలకి పోయింది. పోయిన దిబ్బని ఎక్కడని వెతుకుతావు? అందరూ ఎత్తుగా ఉన్నదాన్నే వెతికారు. మన్ను తియ్యగా తియ్యగా ఎత్తు ఉండదని ఎవరికీ తట్టలేదు.

ఆ సంగతి నాంచారికి కోళ్ళ దగ్గర తట్టింది. రోజూలాగే పొద్దుగూకే వేళ కోళ్ళని గూట్లో పెట్టబోయింది. వాళ్ళింట్లో కోళ్ళగూడంటే ఒక పెద్ద మట్టి గోలెం, అడుగు ఊడిపోయినది. దాన్ని నేల మీద పెట్టి, కోళ్ళని లోపల వేసి, పైన తట్ట బోర్లించేవాళ్ళు. వేరు పడేటప్పుడు రోశయ్య వద్దని పారేసిన సామానులో అదొకటి. "పగిలిన గోలెం నాకెందుకు," అన్నాడట.

ఒక పుంజు లోపలికి పోనని మొరాయించింది. దాన్ని పట్టుకోబోయి నాంచారి గోలేన్ని పక్కకి ఒరగదీసింది. కింది అంచు మీద చెయ్యి పడింది. నున్నగా ఉంది. పై అంచు తడిమింది. అదీ నున్నగానే ఉంది. అడుగు ఊడిన గోలెమైతే కింద పగులు ఉండాలి కదా? పళ్ళు ఊడిన చిగుళ్ళలా గరుగ్గా ఉండాలి కదా? రెండు అంచులూ కుమ్మరి చేత్తో తీర్చినవే. దానికి అడుగు ఊడలేదు. అసలు అడుగు లేకుండానే చేశారు.

"అత్తా, ఇది ఎక్కడిది?"

"మా మామ పాటిమన్నుతో పాటు బండిలో వేసుకొచ్చాడట."

"అడుగు లేని గోలెం ఎందుకు చేస్తారత్తా ఎవరైనా?"

నీకు తెలిసిపోయింది కదూ! మన పెరటి బావిలో సిమెంటు ఒరలు చూశావు కనక నీకు తెలిసింది. వాళ్ళ ఊళ్ళో బావంటే రాతికట్టే. మట్టిని కాల్చి ఒరలు చేసి, ఒకదాని మీద ఒకటి దింపి బావి కట్టొచ్చని వాళ్ళు చూడలేదు, వినలేదు. అయినా నాంచారికి తట్టింది. దాంట్లోంచి చూస్తే పైనుంచి కిందికి ఖాళీ. ఖాళీ కోసమే చేసిన వస్తువు ఏదుంటుంది? బావి గొంతు తప్ప?

"మీ మామగారి బండి ఏ దారిన వచ్చేదో ఏమైనా గుర్తుందా అత్తా? ఏదో ఒకటి. చిన్న మాటైనా సరే."

అంకమ్మ చాలాసేపు కళ్ళు మూసుకుంది. ఆ తర్వాత అంది. "దారి తెలియదే. ఎద్దుల మాట మాత్రం చెప్పేవాడు. మన్ను నింపాక బండి పైకి లాగలేక ఎద్దులు మోకాళ్ళ మీద పడేవట. ఎత్తెక్కలేక."

దిబ్బ మీదనుంచి బండి కిందికి దిగుతుంది. పైకి ఎక్కవలసి వచ్చిందంటే? గుంటలోంచి ఎక్కింది. ఆ ఊళ్ళో అలాంటి గుంట ఒకటే ఉంది, దక్షిణాన, బండ్లగుంట. వానాకాలం గేదెలు పడుకునే చోటు. బళ్ళు దిగబడతాయని ఆ పేరు వచ్చిందని అందరూ అనుకునేవాళ్ళు.

మర్నాడు తెల్లారగానే నాంచారి బండ్లగుంటకి పోయింది. గుంట అంచున ఒక చోట, తుమ్మచెట్టు వేళ్ళు పట్టుకుని ఉండబట్టి, తవ్వకుండా మిగిలిపోయిన గట్టు ఒకటుంది. రోజూ చూసే గట్టే. ఆ రోజు దగ్గరికి పోయి కొంగుతో దుమ్ము తుడిచింది. అప్పుడు కనపడింది.

మడతపెట్టిన బొంతల దొంతర చూశావు కదా? అలా ఉంది ఆ గట్టు. ఒక చార బూడిద. దాని మీద ఒక చార ఎర్రగా అలికిన నేల. మళ్ళీ బూడిద. మళ్ళీ నేల. ఒక ఇల్లు కూలితే దాని మీద ఇంకో ఇల్లు, తాత మీద మనవడు, అలా. ఆ మడతల మధ్య ఒక చోట మూడు రాళ్ళు, మసిబారి, నల్లగా. మధ్యలో బూడిద అలాగే ఉంది.

పొయ్యి. ఎవరో ఇల్లాలు వండుకున్న పొయ్యి. వంటయ్యాక నీళ్ళు చల్లి ఆర్పి ఉంటుంది. ఆ నీళ్ళు ఎక్కడినుంచో తెచ్చుకునే ఉంటుంది.

నాంచారి గునపం పక్కన పెట్టింది. ఆ మూడు రాళ్ళకీ చేతులు జోడించింది. "అమ్మా, నువ్వెవరో నాకు తెలియదు. ఇన్నాళ్ళూ నీ ఇంటి మన్నులో పండింది తిన్నాను, నీ మాట తలుచుకోలేదు. నీ బావి చూపించు తల్లీ," అంది. పుట్టిల్లు లేని పిల్ల కదా. ఆ పొయ్యి ముందు అమ్మ దగ్గర కూర్చున్నట్టే ఉందట ఆమెకి.

అప్పుడు లేచి గుంటంతా తిరిగింది. ఎండకి గుంట అడుగు నెర్రెలు విచ్చి ఉంది, కాలు పెడితే ఇరుక్కునేటంత. తిరగ్గా తిరగ్గా ఒక చోట నెర్రెలు ఆగిపోయాయి. పెద్ద తట్టంత గుండ్రటి మేర, దాంట్లో ఒక్క నెర్రె లేదు. గరిక కూడా చచ్చీ చావకుండా రెండు పోచలు నిలబడి ఉంది. చేత్తో మన్ను తోస్తే ఎర్రగా అంచు కనపడింది. నున్నటి అంచు.

నాంచారి పరిగెత్తింది. కోళ్ళగూడు నెత్తి మీద పెట్టుకుని ఊరి మధ్యనుంచి వస్తుంటే సామాను కట్టుకుంటున్నవాళ్ళు ఆగి చూశారు. గూడు పోయిన పుంజు అరుస్తూ వెంటపడింది. "పాపం, మతి చలించింది," అన్నారు. అయినా వెనకాల వచ్చారు. వింతకి రానివాళ్ళు ఉంటారా?

గుంటలో అందరి ముందూ ఆ గూటిని దించి మట్టిలోని అంచు మీద పెట్టింది. కొంచెం అటూ ఇటూ తిప్పింది. గిన్నె మీద మూత కూర్చున్నట్టు కూర్చుంది. వెంట్రుక సందు లేదు.

అప్పుడు పెదకాపు బాలకోటయ్య తలపాగా తీసి నేల మీద పెట్టి, "బళ్ళ మీద సామాను దింపండిరా," అన్నాడు.

తవ్వారు. ఒర కింద ఒర. దాని కింద ఇంకో ఒర. మన్ను తీస్తున్నకొద్దీ గొంతు లోతుకి పోతోంది. బావి ఇరుకు, ఒక్క మనిషే దిగాలి. లోపలికి నేను దిగుతానంటే నేనని ఎవరూ పోటీ పడలేదు, రోశయ్య తప్ప. "మా తాత తెచ్చిన గోలెం, మా ఇంటి బావి. పెద్దవాణ్ణి నేను దిగుతాను," అన్నాడు. బిందెలు బావిలోనే పడేస్తారని అతని లెక్క.

రోజూ దిగాడు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా తట్టలు నింపి పంపాడు. ఆశ పెట్టే పని దెయ్యం కూడా పెట్టదమ్మా. చివరికి ఒక రోజు లోపల్నుంచి కేక వేశాడు. "దొరికింది! దొరికింది! తాడు లాగొద్దు, నేనే పట్టుకొస్తాను!"

చొక్కాలో దాచుకుని పైకి వచ్చాడు. అందరూ మూగారు. తీస్తే చిన్న మట్టిముంత. మెడ దగ్గర తాడు ఒరుసుకున్న గాడి ఉంది. రోశయ్య దాన్ని ఊపాడు, లోపల ఏదో కదిలింది. బోర్లిస్తే ఒక బురద ఉండ పడింది. అంతే.

ఎవరో నీళ్ళు తోడుకుంటుంటే తాడు తెగి పడిపోయిన ముంత. ఎంత బాధపడి ఉంటుందో ఆ పిల్ల, ఇంటికెళ్ళి తిట్లు కూడా తిని ఉంటుంది.

నువ్వు నవ్వుతున్నావు గానీ రోశయ్య ముఖం చూడాలి ఆ రోజు. కోపంతో మళ్ళీ దిగి, గునపంతో అడుగున ఒక్క పోటు పొడిచాడు. ఆ తర్వాత చప్పుడు లేదు. పైవాళ్ళు "రోశయ్యా, రోశయ్యా" అని పిలిచారు. పలకలేదు. అంకమ్మ కూడా అక్కడే ఉంది, నాంచారి భుజం పట్టుకుని. ఆమె వంగి, "ఒరే రోశీ!" అని అరిచింది, చిన్నప్పటి పిలుపు.

అప్పుడు లోపల్నుంచి ఏడుపు గొంతు వినపడింది. "అమ్మా! చల్లగా ఉందే. కాళ్ళకి చల్లగా తగులుతోందే అమ్మా!"

ఏరు పక్కకి జరిగింది గానీ దాని పాత ఇసుక కింద ఊట జరగలేదు. ఆ సంగతి ఆ పాతవాళ్ళకి తెలుసు. ఆ రోజు బురదనీళ్ళు. మర్నాడు తేటనీళ్ళు. ఆ మర్నాడు తాగితే కొబ్బరినీళ్ళలా ఉన్నాయట. మొదటి కడవ పెదకాపు నాంచారి చేతికిచ్చాడు. ఊరంతా నోరు తెరుచుకుని చూస్తోంది. నాంచారి ఆ కడవ తాగలేదు, అత్తకీ ఇవ్వలేదు. గట్టు దగ్గరికి పోయి ఆ మసిరాళ్ళ పొయ్యి ముందు నేల మీద పోసింది.

"అయ్యో, నీళ్ళు!" అన్నారెవరో.

"ముందు ఇంటివాళ్ళు తాగాలి కదా," అంది.

ఏరువాక పున్నమికి తంగేళ్ళపాడులో నాగళ్ళు కదిలాయి. లేచిపోదామనుకున్న ఊరు లేవలేదు. ఆషాఢంలో వానలు పడ్డాక ఒక సాయంత్రం చెంచయ్య గొడ్లని తోలుకుని వచ్చాడు. దూరంనుంచే ఊరి మీద వంటల పొగ చూశాడు. తన గుమ్మం ముందు నిలబడి, "నాంచారీ, మంచినీళ్ళు!" అని పిలిచాడు. ఆమె ఏడ్చుకుంటూ నవ్వుకుంటూ చెంబుతో తెచ్చి ఇచ్చింది. ఆ చెంబెడు నీళ్ళ కోసమే కదా అన్ని దిబ్బలు తవ్వింది.

ఆ తర్వాత చాలా ఏళ్ళకి అంకమ్మకి పోయే రోజు వచ్చింది. అందర్నీ పిలిచి పంపకాలు చెప్పింది. ఇల్లూ, దక్షిణపు చేను చెక్కా చెంచయ్యకి. తన మెడలోని బంగారు నానుతాడు రోశయ్య కూతురికి, తండ్రి చేసిన దానికి పిల్లనెందుకు నొప్పించాలని. ఆ కోళ్ళగూటి ఒర నాంచారికి. అది అప్పటికి బావి మీదే కూర్చుని ఉంది, అయినా పేరుకి నాంచారిదే. కోళ్ళకి చెంచయ్య వెదురుతో కొత్త గూడు అల్లాడులే, ఆ పుంజు మాత్రం చివరిదాకా ఒర మీదే కూసేది.

"మరి నాకేమిటమ్మా?" అన్నాడు రోశయ్య.

"నీకేం లేదు నాయనా. నీ వాటా ఎప్పుడో పట్టుకెళ్ళావు."

రోశయ్య తల వంచుకున్నాడు. లేచి బావికి పోయి, ఒక చెంబు నీళ్ళు తెచ్చి, తల్లి తల ఎత్తి పట్టుకుని తాగించాడు. నిచ్చెన పట్టుకున్నట్టే పట్టుకున్నాడట, గట్టిగా.

పాటిదిబ్బ ఎవరికి వచ్చిందంటావా? చేలకి వచ్చింది. చేలు పండించింది తిన్న అందరికీ వచ్చింది. నాంచారి కూతురు మా అమ్మమ్మ. ఆ తేనె రంగు పూస ఆమెకి వచ్చింది, ఆమెనుంచి మా అమ్మకి, మా అమ్మనుంచి నాకు. ఇదుగో, తడుము. చల్లగా ఉంది చూడు, ఎంత ఉక్కపోసినా చల్లగానే ఉంటుంది. నా తర్వాత నీకే.

కొందరికి మాత్రం ఏమీ రాలేదమ్మా. ఆ ఒరలు కాల్చినవాళ్ళకీ, ఆ బావి తవ్వినవాళ్ళకీ. ఇళ్ళు పోయాయి, మన్ను కూడా మనమే తోలేసుకున్నాం, కనీసం పేరైనా మిగల్లేదు. అందుకే తంగేళ్ళపాడులో ఇప్పటికీ ఏరువాక నాడు మొదటి కడవ ఆ గట్టు ముందు నేల మీద పోస్తారు. ఎవరికని అడిగితే, "ముందున్నవాళ్ళకి," అంటారు. నువ్వు కూడా రేపు పొద్దున్నే మంచినీళ్ళు తాగే ముందు ఒక చుక్క నేల మీద వెయ్యి. ఎవరో తవ్వారు కనకే మనం తోడుకుంటున్నాం.

పెంకు గట్టుకి, పుంజు గూటికి,
మన్ను చేనికి, ఊట నూతికి,
కడవ చంకకి, కన్ను నిద్రకి,
కథేమో కాళ్ళీడ్చుకుంటూ కంచికి,
ముందున్నవాళ్ళకి దణ్ణం పెట్టి మనం మనింటికి.